9, 10 తరగతులకు నమూనా ఎన్నిక: ఓటర్ల జాబితా నుంచి లెక్కింపు దాకా ఎలా నడపాలి?

సోషల్_మేడం_9బి:

హైస్కూల్లో సోషల్ చెప్తాను. 9, 10 తరగతుల పిల్లలు కలిపి 120 మంది. ఎన్నికల పాఠం పుస్తకంలో ఉన్నదున్నట్టు చెప్తే ఆర్టికల్ 324, 18 ఏళ్లు, రహస్య ఓటింగు అని మూడు ముక్కలు రాసి ఊరుకుంటున్నారు. రేపు ఓటర్లు కావాల్సిన వాళ్లకు అది చాలదు. అందుకే నమూనా ఎన్నిక పెడదామనుకుంటున్నాను. మామూలుగా బడుల్లో జరిగే స్కూల్ లీడర్ ఎన్నిక లాగా చీటీ మీద పేరు రాయించి, డబ్బాలో వేయించి, బల్ల మీద గుమ్మరించి లెక్కపెట్టడం నాకిష్టం లేదు. అసలు ప్రక్రియ తెలియాలి.

చేతిలో ఉన్నవి 40 నిమిషాల పీరియడ్లు ఆరు. ఈవీఎం లేదు, జిరాక్స్ తీయించుకోవచ్చు. కాగితం బ్యాలెట్‌తో పని జరుగుతుందా? ఏయే మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టాలి? పార్టీల గొడవ బడిలోకి రాకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? పోలింగ్ డ్యూటీలు చేసినవాళ్లు, ఇలాంటివి నడిపించినవాళ్లు వివరంగా చెప్తే మేలు చేసినవారవుతారు.

పీవో_డైరీ:

మేడం, బడికి కాగితం బ్యాలెట్టే మంచిది. ఈవీఎంలో లెక్క యంత్రం లోపల జరిగిపోతుంది. కాగితంతో అయితే ప్రతి అడుగూ పిల్లల కళ్లెదుట పడుతుంది. మన రెండు రాష్ట్రాల్లో పంచాయతీ ఎన్నికలు బ్యాలెట్ పత్రాలతోనే జరుగుతున్నాయి, కాబట్టి పాతబడిన పద్ధతి నేర్పుతున్నామన్న సంకోచం అక్కర్లేదు.

ఒక్క సూత్రం పెట్టుకోండి. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, "ఇది లేకపోతే ఎవరు ఏ మోసం చేయగలరు?" అని పిల్లల్నే అడగండి. పోలింగ్ కేంద్రంలో చేసే ప్రతి పనీ ఏదో ఒక మోసానికో పొరపాటుకో అడ్డుకట్టగా పుట్టిందే. ఇది అర్థమైతే ఫారాల నంబర్లు మరిచిపోయినా ఫర్వాలేదు.

మొదటి పని ఓటర్ల జాబితా. దీన్నే అందరూ వదిలేస్తారు, హాజరుపట్టీ జిరాక్స్ తీసి పెట్టేస్తారు. అలా చేయకండి. జాబితా పిల్లల చేతే రాయించండి, కానీ ముసాయిదా గోడకు అంటించే ముందు మీరు కావాలని నాలుగు తప్పులు పెట్టండి: ఒకరి పేరు తీసేయండి, ఒకరి పేరు రెండుసార్లు ఎక్కించండి, ఒకరి ఇంటిపేరు తప్పు రాయండి, టీసీ తీసుకుని వెళ్లిపోయిన ఒకరి పేరు ఉంచండి. రెండు రోజులు అభ్యంతరాలకు గడువివ్వండి. పేరు లేనివాళ్లు ఫారం 6 పెట్టాలి. రెండుసార్లు ఉన్న పేరునూ, వెళ్లిపోయినవాళ్ల పేరునూ తీయించడానికి ఫారం 7. అక్షర దోషానికి ఫారం 8, నిజంగా అయితే చిరునామా మార్పుకు కూడా అదే. ఫారాలు అచ్చు నకళ్లు కానక్కర్లేదు, అర కాగితం మీద నాలుగు గళ్లు చాలు. గడువు దాటాక వచ్చి "నా పేరు లేదు" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు ఓటు ఇవ్వకండి. పోలింగ్ రోజు మన ఊళ్లలో జరిగే గొడవల్లో పెద్ద వాటా దీనిదే. జాలిపడి ఓటిచ్చేస్తే పాఠం అక్కడే పోయింది.

ఇక బ్యాలెట్. ఏ4 కాగితాన్ని నాలుగు చేయండి. ఒక్కో గడిలో పేరు, పక్కన గుర్తు, చివర నోటా. గడికీ గడికీ మధ్య మందంగా నల్లపట్టీ ఉంటే ముద్ర ఎవరి గడిలో పడిందన్న తగువు తగ్గుతుంది. ఎడమ అంచున కౌంటర్‌ఫాయిల్ (చింపి మన దగ్గర ఉంచుకునే ముక్క) ఉంచి, దాని మీద వరస సంఖ్య వేసి, ఓటరు సంతకం అక్కడ చేయించండి. నిజమైన బ్యాలెట్ వెనక కూడా సంఖ్య ఉంటుంది. అయితే కౌంటర్‌ఫాయిళ్లను విడిగా సీలు చేసేస్తారు. బడిలో మాత్రం పత్రం మీద సంఖ్య వద్దు, ఎవరు ఎవరికి వేశారో పిల్లలు సాయంత్రానికల్లా కనిపెట్టేస్తారు.

పత్రం వెనక ప్రిసైడింగ్ అధికారి, అంటే పోలింగ్ కేంద్రం బాధ్యుడి సంతకం తప్పనిసరి. ఎందుకో అడగండి. ఒకడు ఖాళీ పత్రాన్ని పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకుని బయటికి తెస్తే, దాని మీద ముద్ర కొట్టి తర్వాతి వాడికిస్తారు. వాడు దాన్ని పెట్టెలో వేసి, తనకిచ్చిన ఖాళీ పత్రాన్ని బయటికి తెస్తాడు. ఈ గొలుసును తెంచాలంటే, పత్రం పెట్టెలో పడేదాకా అధికారి కళ్లు దాని మీద ఉండాలి. సంతకం బయటి నుంచి తెచ్చిన నకిలీ పత్రాన్ని ఆపుతుంది, ఈ గొలుసును ఆపేది చూపు మాత్రమే. పిల్లలకు ఈ తేడా చెప్పండి.

మడత కూడా నేర్పాల్సిందే. ముందు నిలువుగా మడవాలి, తర్వాత అడ్డంగా. నిలువుగా మడిస్తే తడి ముద్ర మరక అదే అభ్యర్థి గడిలో పడుతుంది. ముందే అడ్డంగా మడిస్తే ఇంకొకరి గడిలో అంటుకుని, లెక్కింపులో "ఇద్దరికీ వేశాడు" అనే వాదన వస్తుంది. అసలు ముద్ర ఏదో స్పష్టంగా తెలుస్తుంటే మరక పడినా ఆ ఓటు చెల్లుతుంది.

60 మందికి ఒక గది చొప్పున రెండు కేంద్రాలు పెట్టండి. గదికి ప్రిసైడింగ్ అధికారి, ముగ్గురు పోలింగ్ అధికారులు, అభ్యర్థికో ఏజెంటు. మొదటి అధికారి జాబితాలో పేరు చూసి, వరస సంఖ్యా పేరూ బిగ్గరగా చదవాలి. ఏజెంట్లు తమ నకళ్లలో గుర్తు పెట్టుకునేది ఆ పిలుపు విని, కాబట్టి గొణిగితే కుదరదు. రెండో అధికారి ఎడమ చూపుడువేలికి సిరా పెట్టి సంతకం తీసుకోవాలి. మూడో అధికారి పత్రం, ముద్ర ఇచ్చి మడత చూపించాలి. అసలు సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, అది చర్మాన్ని నల్లబరుస్తుంది. బడిలో మార్కర్ పెన్ చుక్క చాలు. ఆలస్యం బల్లల దగ్గర కాదు, ఓటు వేసే చాటు లోపల అవుతుంది. అందుకని అట్టపెట్టెలతో రెండు చాటులు కట్టండి. ఒక్కొక్కరికి ముప్పావు నిమిషం వేసుకున్నా ఒక పీరియడ్లో అవుతుంది.

సమయం అయిపోయేసరికి వరసలో ఇంకా పిల్లలు ఉంటే మంచి అవకాశం. చీటీలు వరస చివర నుంచి మొదలుపెట్టి ముందుకు పంచాలి. ముందు నుంచి పంచుకుంటూ పోతే, ఈలోగా వెనక వచ్చి చేరేవాళ్లను ఆపలేరు.

అన్నిటికన్నా ముఖ్యం లెక్క సరిపోవడం. ఉదాహరణకు ఒక గదికి 70 పత్రాలు ముద్రించారు. 56 మంది ఓటేశారు, ఒక పత్రం పాడైతే వెనక్కి తీసుకుని వేరేది ఇచ్చారు, ఒకటి టెండర్ ఓటుకు (తన పేరుతో ముందే ఎవరో వేసేసిన ఓటరుకు విడిగా ఇచ్చే పత్రం) పోయింది. అంటే వాడినవి 58, మిగిలినవి 12 ఉండాలి, పెట్టెలో 56 రావాలి. ఎవరికెన్ని ఓట్లో చూడకముందే పెట్టెలో పత్రాలను బోర్లించి లెక్కపెట్టించండి. 55 వస్తే ఎవరో జేబులో పెట్టుకుపోయారు. 57 వస్తే ఒకరికి రెండు అంటుకుని వెళ్లాయి, లేదా బయటి పత్రం ఒకటి చేరింది. ఎక్కడ తప్పిందో కౌంటర్‌ఫాయిళ్లు పట్టుకుని వెతకనివ్వండి, మీరు చెప్పేయకండి.

లెక్కల_మాస్టారు:

పైన చెప్పినదంతా ఓటును కాపాడే పద్ధతి. ఓటును లెక్కించే పద్ధతి కూడా పిల్లలకు ఒక ఎంపికగా కనిపించాలి. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలవడం ప్రకృతి నియమమేమీ కాదు.

దీనికి వేరే పోలింగ్ అక్కర్లేదు. ఫలితం ప్రకటించాక మరో పీరియడ్లో ఒక సెక్షన్‌కే అదే అభ్యర్థులతో ఇంకో పత్రం ఇవ్వండి. ముద్ర బదులు 1, 2, 3 అని అంకెలు వేయమనండి. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో జరిగేది ఇదే, అక్కడ పోలింగ్ కేంద్రంలో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే రాయాలి.

చెల్లిన ఓట్లు 48 అనుకుందాం. పలక గుర్తుకు 20, గొడుగుకు 15, నిచ్చెనకు 13 మొదటి ప్రాధాన్య ఓట్లు. అసెంబ్లీ పద్ధతిలో పలక గెలిచినట్టే, నూటికి 42 మంది కూడా కోరుకోకపోయినా. ప్రాధాన్య పద్ధతిలో కోటా చూడాలి: 48ని 2తో భాగించి 1 కలిపితే 25. ఎవరూ అందుకోలేదు. అందరికన్నా తక్కువ వచ్చిన నిచ్చెనను తీసేసి, ఆ 13 పత్రాల్లో రెండో అంకె ఎవరికుందో చూస్తారు. 11 గొడుగుకు, 2 పలకకు ఉంటే గొడుగు 26తో గెలుస్తుంది. ఓటర్లు అదే మనసుతో ఉన్నారు, విజేత మారాడు. ఏది న్యాయం అన్న చర్చను పిల్లలకే వదలండి, మీ అభిప్రాయం చివర్లో అడిగితే చెప్పండి.

చెల్లని ఓట్ల మీద కాసేపు ఆగండి. 1 అంకె లేకపోతే చెల్లదు. ఇద్దరికి 1 వేస్తే చెల్లదు. టిక్కు పెట్టినా, పేరు రాసినా, సంతకం చేసినా చెల్లదు, ఎందుకంటే ఓటరెవరో తెలిసేలా ఏ గుర్తూ ఉండకూడదు. పట్టభద్రుల ఎన్నికల్లోనే బోలెడు ఓట్లు ఇలా వృథా అవుతుంటాయి.

అభ్యర్థి నామినేషన్‌తో కట్టే డిపాజిట్ ఎప్పుడు తిరిగి వస్తుందన్న లెక్క కూడా తరగతిలో చేయించదగ్గదే. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. 48లో ఆరో వంతు 8, కాబట్టి సరిగ్గా 8 వచ్చినా డిపాజిట్ పోతుంది, 9 వస్తే దక్కుతుంది. నోటాకు పడ్డవాటిని ఈ 48లో కలపకూడదు. నోటాకు అందరికన్నా ఎక్కువ పడితే ఎన్నిక రద్దవుతుందని చాలామంది పెద్దవాళ్లే నమ్ముతున్నారు. లోక్‌సభకూ అసెంబ్లీకీ అలా లేదు. నోటా తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే గెలిచినట్టు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది ఎవరూ నచ్చలేదని రహస్యంగా చెప్పే హక్కు, అంతవరకే.

గ్రంథాలయం_పీరియడ్:

నామినేషన్లూ ప్రచారం సంగతి ఎవరూ ఎత్తలేదు. పీవో_డైరీ గారు పోలింగ్ కేంద్రం చుట్టూ అల్లారు, అది సరైనదే. కానీ పిల్లవాడు ఓటరుగా నిర్ణయం తీసుకునేది అక్కడికి వెళ్లకముందు. ఆ భాగానికి కనీసం ఒక పీరియడ్ ఇవ్వాలి.

అభ్యర్థులుగా పిల్లలే నిలబడొచ్చు, కానీ పదవికి అధికారం ఏదో ఒకటి ఉండాలి. గ్రంథాలయం పీరియడ్ ఎప్పుడు, ఆటస్థలం ఏ తరగతికి ఏ రోజు, ఇలా హెడ్మాస్టరు ముందే ఒప్పుకున్న రెండు మూడు విషయాలు రాసి గోడకు పెట్టండి. ప్రణాళిక వాటి లోపలే ఉండాలి. హోంవర్క్ రద్దు చేస్తానన్నవాడిని "ఆ అధికారం నీకుందా?" అని ఓటర్లు నిలదీయాలి. ఈ ఒక్క ప్రశ్న వేయడం అలవాటైతే చాలా నేర్చుకున్నట్టే.

నామినేషన్‌కు గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, మిగతావాళ్లకు పదిమంది కావాలి. బడిలో ఇద్దరిని పెట్టండి, వాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలో ఉండితీరాలని షరతు పెట్టండి. పరిశీలనలో ఒకటైనా తిరస్కరణ వచ్చేలా ఉంటే మంచిది: సంతకం లేకపోవడం, ప్రతిపాదకుడి వరస సంఖ్య తప్పడం. చిన్న అక్షర దోషానికి తిరస్కరించకూడదు, అసలైన లోపానికే. ఆ గీత ఎక్కడ గీయాలో రిటర్నింగ్ అధికారిగా (నామినేషన్లు పరిశీలించి ఎన్నిక నడిపే అధికారి) ఉన్న పిల్లవాడు కారణం రాసి మరీ నిర్ణయించాలి.

అఫిడవిట్ తప్పనిసరి అనుకోండి. నిజంగా ఫారం 26లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు రాయాలి. ఇక్కడ మాత్రం పిల్లల ఇంటి ఆస్తుల జోలికి అస్సలు వెళ్లకండి. తరగతిలో ఎవరు పేదో ఎవరు కలవారో బయటపెట్టినట్టవుతుంది. నలుగురు కల్పిత అభ్యర్థుల అఫిడవిట్లు మీరే తయారుచేసి గుంపులకు పంచి, ఎవరిలో ఏం గమనించారో రాయించండి.

గుర్తుల విషయంలో చాలా జాగ్రత్త. సైకిల్, ఫ్యాను, కారు, చెయ్యి, కమలం, గాజు గ్లాసు, సుత్తీ కొడవలి, గాలిపటం, ఏనుగు, వీటిలో ఏదీ వద్దు. రంగులు కూడా చూడండి, పసుపు, గులాబీ, కాషాయం కండువాలు తెస్తారు. అన్ని పోస్టర్లూ తెల్ల కాగితం మీద నల్ల సిరాతోనే అని నియమం పెడితే సరి. పోస్టరు కింద వేసినవాడి పేరు ఉండాలి. ఎన్నికల కరపత్రాల మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు చట్టప్రకారం ఉండాల్సిందే.

చాక్లెట్లు పంచడం కచ్చితంగా జరుగుతుంది. తిట్టి ఆపేయకండి. ఫిర్యాదు రాయించండి, సాక్షుల్ని పిలవండి, నోటీసు ఇచ్చి సంజాయిషీ అడగండి. ఇచ్చినవాడిదే కాదు, పుచ్చుకున్నవాడిదీ తప్పేనని అప్పుడు చెప్తే నాటుకుంటుంది.

బీఎల్వో_మిత్ర:

ఇంటికి పంపాల్సిన పని ఒకటుంది. పిల్లలు ఇంట్లోని ఓటర్ల పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో చూసి, పార్ట్ నంబరు, అందులో వరస సంఖ్య రాసుకురావాలి. ఆన్‌లైన్‌లో చూడొచ్చు, లేదా బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) దగ్గరి జాబితాలో చూడొచ్చు. ఓటరు కార్డు ఉంటే ఓటు ఉన్నట్టే అనుకుంటారు. జాబితాలో పేరు లేకపోతే కార్డు చేతిలో ఉన్నా ఓటు లేదు. పేరు ఉండి కార్డు పోతే, ఎన్నికల సంఘం ఒప్పుకున్న వేరే గుర్తింపు పత్రంతో వేయొచ్చు. కార్డుల ఫొటోలు మాత్రం క్లాసు గ్రూపులో పెట్టించకండి.

వయసు గురించి: 1989 దాకా 21 ఏళ్లు, 61వ రాజ్యాంగ సవరణతో 18 అయింది. 17 నిండిన వాళ్లు ఫారం 6 ముందే ఇవ్వొచ్చు. అర్హత తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. ఏ తేదీకి 18 నిండుతాయో చూసుకుని తమ తేదీ ఏదో ఒక్కొక్కరూ నోటుబుక్కులో రాసుకోవాలి. పదో తరగతి మెమోలోని పుట్టిన తేదీయే తర్వాత వయసు రుజువుగా ఉపయోగపడుతుంది, అందులో తప్పుంటే ఇప్పుడే దిద్దించుకోమనండి.

మీ బడిలో ఎన్నికల అక్షరాస్యత క్లబ్బు ఉందేమో కనుక్కోండి. 2018 జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు ఎన్నికల సంఘం వీటిని 9 నుంచి 12 తరగతుల కోసం మొదలుపెట్టింది. ఆటలతో కూడిన సామగ్రి అందులో తయారుగా ఉంటుంది. ఈవీఎం చూపించమని తహశీల్దారు కార్యాలయానికి రాతపూర్వకంగా అడగండి, అవగాహనకు వాడే యంత్రాలు వేరుగా ఉంటాయి.

సోషల్_మేడం_9బి:

అందరికీ ధన్యవాదాలు. మూడు సందేహాలు మిగిలాయి. టెండర్ ఓటు, ఛాలెంజ్ ఓటు పిల్లలకు ఎలా చూపించాలి? ఈవీఎం చూసే వీలు కలిగితే ఏం గమనించమనాలి? ఆరు పీరియడ్లలో ఇవన్నీ పట్టవేమో, ఏది వదలొచ్చు?

పీవో_డైరీ:

మొదటిదానికి రహస్య చీటీలు వాడండి మేడం. పోలింగ్‌కు ముందు ఒక్కో గదిలో ముగ్గురికి చీటీ ఇవ్వండి. ఒకరికి "నువ్వు వేరేవాళ్ల పేరుతో ముందే ఓటేసి రా" అని. రెండోవారికి "నీ పేరు మీద ఎవరో వేసేశారు, గట్టిగా అడుగు" అని. మూడోది ఏజెంటుకు, "ఈ ఓటరు అసలు మనిషి కాదని అభ్యంతరం చెప్పు" అని, ఛాలెంజ్ ఓటు అంటే ఇదే. అభ్యంతరం చెప్పే ఏజెంటు 2 రూపాయలు కట్టాలి. నిజమైన కేంద్రంలోనూ అంతే. అధికారి విచారించి, అభ్యంతరం నిజమైతే ఓటు నిరాకరిస్తాడు. ఊరికే అల్లరికి చెప్పాడని తేలితే ఆ డబ్బు తిరిగి ఇవ్వడు. ఇక తన ఓటు ముందే పడిపోయిన మనిషికి టెండర్ పత్రం ఇచ్చి, ముద్ర వేశాక పెట్టెలో వేయించకుండా కవరులో పెట్టాలి. అది మామూలు లెక్కింపులోకి రాదు. "మరి నా ఓటు పోయినట్టేనా?" అని అడుగుతారు. కోర్టులో ఎన్నికల పిటిషన్ పడితే ఆ కవరుకు విలువ వస్తుందని చెప్పండి. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి.జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు, 1989లో మన అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. అంత దగ్గరి పోటీలో ఆ కవరు బరువెంతో అప్పుడు అర్థమవుతుంది.

ఈవీఎం దగ్గర గమనించాల్సింది: కంట్రోల్ యూనిట్‌లో అధికారి బ్యాలెట్ మీట నొక్కితేనే ఒక ఓటుకు తలుపు తెరుచుకుంటుంది. ఓటరు నీలం మీట నొక్కగానే ఎర్రదీపం వెలుగుతుంది, వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే యంత్రం) అద్దంలో చీటీ 7 సెకన్లు కనబడి కింద పడుతుంది, పొడుగ్గా బీప్ వస్తుంది. మళ్లీ ఎన్నిసార్లు నొక్కినా రెండో ఓటు పడదు. పోలింగ్‌కు గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ చేస్తారు. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ వరసలో నొక్కి సున్నా చూపించాలి, వీవీప్యాట్‌లో పడ్డ ఆ చీటీలు కూడా తీసేయాలి. ఈ క్లియర్ మరిచిపోతే మాక్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. పిల్లలతో ఈ వరస రెండుసార్లు చేయించండి.

సమయం సంగతి. మొదటి పీరియడ్ జాబితా, రెండోది నామినేషన్లూ పరిశీలనా, మూడోది ప్రణాళికల మీద ప్రశ్నలు, నాలుగోది పోలింగ్, ఐదోది లెక్కింపు, ఆరోది మాస్టారు చెప్పిన అంకెల ఓటు. జాబితా మీద అభ్యంతరాలకు ఇచ్చే రెండు రోజులూ పీరియడ్లలో లెక్కకు రావు. పోలింగ్‌కు ముందు 48 గంటలు ప్రచారం ఆపించండి, పోస్టర్లు తీయడం కూడా పిల్లల పనే. తగ్గించక తప్పకపోతే ప్రచారాన్ని కుదించండి, ఈవీఎం వదిలేయండి. జాబితా తప్పులు, పత్రాల లెక్క, ఈ రెండూ మాత్రం వదలొద్దు.

ఒకటి ముందే రాసిపెట్టుకోండి: ఇద్దరికి సమానంగా వస్తే ఏం చేస్తారో. ముందు చెల్లని ఓట్లతో సహా మళ్లీ లెక్క, అప్పటికీ సమానమైతే చట్టంలో ఉన్నట్టే లాటరీ, అందులో పేరు వచ్చినవారికి ఒక ఓటు అదనంగా పడినట్టు లెక్క. రెండు చీటీలు ఒకే కొలత కాగితంతో, ఒకే మడతతో ఉన్నాయని ఇద్దరి ఏజెంట్లూ చూసి సంతకం చేశాకే చీటీ తీయించండి.